దగ్గితే మూత్రం లీకయ్యే సమస్యకు ఏ ఆపరేషన్? అరుదైన ఇబ్బందులను కూడా లెక్కేసుకుని ఎంచుకోవడం

తుమ్ము వస్తోందనగానే కాళ్లు దగ్గరికి ముడుచుకోవడం, పెళ్లికి బయల్దేరే రోజు పొద్దున్నుంచే మంచినీళ్లు మానేయడం, ముదురు రంగు చీరలే కట్టుకోవడం. ఇలా ఏళ్ల తరబడి నెట్టుకొచ్చి, చివరికి ధైర్యం చేసి డాక్టర్ దగ్గరికి వెళ్తే "స్లింగ్ వేస్తే సరిపోతుందమ్మా, చిన్న ఆపరేషనే" అంటారు. స్లింగ్ అంటే మూత్రం బయటికొచ్చే నాళం కింద ఆసరాగా పెట్టే పట్టీ. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే అరగంటలో అయిపోతుందని ఒకచోట, బ్రిటన్‌లో ఆపేశారని ఇంకోచోట, అమెరికాలో కోర్టు కేసులని మరోచోట కనిపిస్తుంది. టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

అవన్నీ నిజమే. 1996లో స్వీడన్ డాక్టర్ ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ బృందం టీవీటీ అనే పట్టీ పద్ధతిని వైద్యలోకం ముందు పెట్టాక, అంతకుముందు పొట్ట కోసి చేసే ఆపరేషన్ ఒక్క రోజు పనిగా మారింది. లక్షల మంది ఆడవాళ్లకు లీక్ ఆగింది. అదే పట్టీ కొందరికి తీరని నొప్పి మిగిల్చింది. వాళ్లు గట్టిగా గొంతెత్తబట్టే 2018 జూలైలో ఇంగ్లండ్, 2023 ఆగస్టులో న్యూజిలాండ్ ఈ పట్టీలు వేయడాన్ని నిలిపేశాయి. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో అమ్మకాలు ఆపించింది మాత్రం వేరే మెష్‌ని (వలలా అల్లిన ప్లాస్టిక్ గుడ్డని). లోపలి అవయవాలు కిందికి జారినప్పుడు యోని గుండా పెట్టే పెద్ద మెష్ అది. మూత్రం లీక్‌కి వేసే సన్నటి మెష్ పట్టీ అక్కడ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఈ రెండింటినీ కలిపేసి చదివితే భయం అవసరానికి మించి పెరుగుతుంది, లేదంటే అన్నీ పుకార్లే అనిపిస్తుంది. రెండూ ప్రమాదమే.

ఈ వ్యాసం ఆపరేషన్ దాకా వచ్చి, రెండు మూడు రకాల పేర్లు విని, ఏది ఒప్పుకోవాలో తేల్చుకోలేకపోతున్న వాళ్ల కోసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎంపిక సక్సెస్ రేటును బట్టి చేయకండి. ప్రధాన పద్ధతుల మధ్య అది దగ్గర దగ్గరగానే ఉంది. ఏ ఇబ్బంది రావచ్చు, ఎప్పుడు రావచ్చు, వస్తే బాగుచేయగలరా అన్న దగ్గరే అసలు తేడా ఉంది.

## ముందు ఒక్క సంగతి తేల్చుకోండి

దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బిందె ఎత్తినా పడితే అది ఒత్తిడి లీక్. స్లింగ్ దీనికే. అర్జంటుగా వచ్చి బాత్రూమ్ చేరేలోపే పడిపోతే అది బ్లాడర్ అదుపు తప్పడం. దానికి మందులు, అలవాట్ల మార్పు, వేరే చికిత్సలు ఉన్నాయి. స్లింగ్ వేస్తే అది తగ్గదు, కొందరికి ఎక్కువవుతుంది కూడా. చాలామందికి రెండూ కలిసి ఉంటాయి. ఏది ఎక్కువ బాధపెడుతోందో మూడు రోజులు కాగితం మీద రాసుకుని తీసుకెళ్తే డాక్టర్‌కి సగం పని తగ్గుతుంది.

వ్యాయామం గురించి కూడా ఇక్కడే. నేర్పేవాళ్ల పర్యవేక్షణలో కటి కండరాల వ్యాయామం కనీసం మూడు నెలలు చేయమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ ఎనిమిది సార్లకు తగ్గకుండా బిగించి వదలాలి. 2013లో నెదర్లాండ్స్‌లో 460 మంది మీద జరిగిన అధ్యయనంలో, ఏడాది తర్వాత మెరుగయ్యామన్నవాళ్లు నేరుగా స్లింగ్‌కి వెళ్లినవాళ్లలో 90.8 శాతం, వ్యాయామంతో మొదలుపెట్టినవాళ్లలో 64.4 శాతం. అయితే వ్యాయామం వాళ్లలో సగం మంది దాకా మధ్యలో ఆపరేషన్‌కి మారారు. అంటే మిగతా సగం మందికి ఆపరేషన్ అవసరం పడలేదు. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లు ఎనిమిది శాతం తగ్గితే లీకయ్యే సార్లు దాదాపు సగానికి పడిపోయాయని 2009లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. వీటిలో అరుదైన ఇబ్బందులంటూ ఏవీ లేవు. నిజంగా చేసి చూశాకే కిందికి చదవండి.

## దేన్ని బట్టి పోల్చాలి

మొదటిది, ఆపరేషన్ చేస్తుండగా ఏది గాయపడవచ్చు. ఇది పట్టీ ఏ దారిలో వెళ్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. పైకి వెళ్తే బ్లాడర్, పేగులు దగ్గర. పక్కకు వెళ్తే తొడ కండరాలు, నరాలు దగ్గర.

రెండోది, ఏళ్లు గడిచాక ఏం రావచ్చు. ఇంగ్లండ్‌లో పట్టీ వేయించుకున్న 95,057 మంది రికార్డులు చూస్తే, ఏడాదిలోపు కొంతైనా పట్టీ తీయాల్సివచ్చింది 1.4 శాతం మందికి. తొమ్మిదేళ్లకు అది 3.3 శాతం అయింది. ఆరు వారాల చెకప్‌లో "అంతా బాగుంది" అన్నారంటే ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదని కాదు.

మూడోది, ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యం: ఇబ్బంది వస్తే వెనక్కి రాగలమా? పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పట్టీ పనిచేసేదే మన కండ దాని కన్నాల్లోకి అల్లుకుపోవడం వల్ల. పందిరికి అల్లుకున్న కాకరతీగను తెగకుండా విప్పడం ఎంత కష్టమో, పాతుకున్న పట్టీని పూర్తిగా తీయడం అంత కష్టం. ఒక ముక్క కత్తిరించడం తేలిక. మొత్తం తీయడం వేరే స్థాయి ఆపరేషన్. ఇంగ్లండ్‌లో దీనికోసం ప్రత్యేక కేంద్రాలు పెట్టాల్సివచ్చింది. స్కాట్లాండ్‌లో అయితే ప్రైవేటుగా తీయించుకున్న ఆడవాళ్ల ఖర్చు తిరిగి ఇవ్వడానికి 2022లో చట్టమే చేశారు.

చివరిది మీ ఒళ్లు, మీ జీవితం: ఇంతకుముందు అయిన ఆపరేషన్లు, షుగర్, ఇంకా పిల్లలు కావాలా, రోజూ చేసే పని.

## పైకి వెళ్లే పట్టీ: టీవీటీ

యోని ముందు గోడలో చిన్న కోత పెట్టి, మూత్రం బయటికొచ్చే నాళం మధ్యభాగం కింద పట్టీని ఉంచుతారు. రెండు కొసలను వంపు తిరిగిన సూదులతో పొత్తికడుపు ముందు ఎముక వెనకగా పైకి తీసి, పొట్ట కింద రెండు చిన్న గాట్లలోంచి బయటికి తెస్తారు. సూది వెళ్లే దారి డాక్టర్ కంటికి కనపడదు. చేతి అంచనాతో, ఎముకను ఆనుకుని పోవాలి.

అందుకే ఈ పద్ధతిలో బ్లాడర్‌కి రంధ్రం పడటం మరీ అరుదేమీ కాదు. 2017లో వచ్చిన కొక్రేన్ సమీక్షలో (చాలా అధ్యయనాలను కలిపి చూసిన నివేదిక అది) టీవీటీ తరహాలో 4.5 శాతం, కింద చెప్పబోయే గజ్జల దారిలో 0.6 శాతం అని తేలింది. వినడానికి భయంగా ఉంటుంది గానీ, ఆపరేషన్ బల్ల మీదే కనిపెడితే పెద్ద సమస్య కాదు. సూది వెనక్కి తీసి మళ్లీ సరైన దారిలో పోనిస్తారు, కొన్ని రోజులు కేథటర్ ఉంచుతారు, బ్లాడర్ తనంతట తానే మానుతుంది.

కనిపెట్టకపోతేనే అసలు కష్టం. పట్టీ ముక్క బ్లాడర్‌లో వేలాడుతూ ఉండిపోతుంది. మూత్రంలోని లవణాలు దాని చుట్టూ పేరుకుని రాయి కడుతుంది. ఆవిడకేమో నెలకోసారి యూరిన్ ఇన్ఫెక్షన్, మంట, అప్పుడప్పుడు రక్తం. ప్రతిసారీ కల్చర్ టెస్టు, ఐదు రోజుల యాంటీబయాటిక్, మళ్లీ అదే కథ. ఎప్పుడో స్కానింగ్‌లో బ్లాడర్‌లో రాయి కనిపిస్తుంది, పగలగొడతారు, అది మళ్లీ వస్తుంది. చూస్తున్న డాక్టర్‌కి పాత స్లింగ్ సంగతి తెలియకపోతే ఇలా ఏళ్లు గడవచ్చు. స్లింగ్ అయిన మనిషికి బ్లాడర్‌లో రాయి వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది పట్టీనే. లోపలికి కెమెరా పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

పేగుకు సూది తగలడం చాలా అరుదు, కానీ అన్నిటికన్నా ప్రమాదకరం. ఇంతకుముందు పొట్ట ఆపరేషన్లు అయినవాళ్లలో పేగులు అతుక్కుని ఎముక వెనక దాకా దిగి ఉండవచ్చు. మన దగ్గర ఈ మాట ఊరికే చెప్పడం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలోనూ దేశంలో ముందున్నది ఈ రెండు రాష్ట్రాలే. కాబట్టి "మీకు పొట్ట మీద ఎన్ని కుట్లున్నాయి?" అన్నది ఇక్కడ మొదటి ప్రశ్న కావాలి. పేగు గాయం సాధారణంగా మొదటి కొన్ని రోజుల్లో బయటపడుతుంది. పొట్ట నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, వాంతులు, జ్వరం వస్తాయి, పొట్ట కింది గాటులోంచి పచ్చటి లేదా దుర్వాసన ద్రవం కారవచ్చు. గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు.

సూది పక్కకు జారితే కాలికి వెళ్లే పెద్ద రక్తనాళం తెగవచ్చు. ఇది ఇంకా అరుదు, ఆపరేషన్ థియేటర్‌లోనే తెలుస్తుంది. ఎముక వెనక రక్తం గడ్డకట్టడం దీనికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. చిన్నదైతే కరిగిపోతుంది, పెద్దదైతే తీయాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి.

మూత్రం సరిగా రాకపోవడం కూడా టీవీటీలోనే ఎక్కువ. 2010లో అమెరికాలో 597 మందితో రెండు దారులనూ పోల్చిన అధ్యయనంలో, దీనికోసం మళ్లీ ఆపరేషన్ చేయాల్సినవాళ్లు టీవీటీ వైపు 2.7 శాతం, గజ్జల దారి వైపు ఒక్కరూ లేరు. లీక్ ఆగడంలో తేడా స్వల్పమే: పరీక్షల లెక్కన 80.8, 77.7 శాతం. పట్టీ బిగుతైందని మొదటి వారాల్లోనే గుర్తిస్తే వదులు చేయవచ్చు. "కొన్నాళ్లు చూద్దాం" అని నెలలు గడిపితే కత్తిరించడమే దారి. నాళాన్ని సాగదీసి సరిచేద్దామని ఎవరైనా అంటే మాత్రం రెండో అభిప్రాయం తీసుకోండి. కింద పట్టీ ఉండగా నాళాన్ని సాగదీస్తే పట్టీ నాళంలోకి కోసుకుపోయే ప్రమాదం ఉంది.

## గజ్జల దారిలో వెళ్లే పట్టీ: టీఓటీ

బ్లాడర్, పేగుల దగ్గరికే పోకుండా ఉండాలని 2001లో ఫ్రాన్స్ డాక్టర్ డెలోర్మ్ బయటి నుంచి లోపలికి, 2003లో బెల్జియం డాక్టర్ డి లెవాల్ లోపలి నుంచి బయటికి పట్టీ వేసే పద్ధతులు తెచ్చారు. తుంటి ఎముకలో ముందువైపు ఉండే రంధ్రం గుండా, తొడ లోపలి కండరాల మీదుగా పట్టీ గజ్జల్లోకి వస్తుంది. త్వరగా అయిపోతుంది, పేగు భయం దాదాపు ఉండదు. చాలామంది డాక్టర్లు దీన్ని ఇష్టపడటానికి కారణం ఇదే.

దానికి కట్టే మూల్యం తొడలో ఉంది. గజ్జల నొప్పి ఈ దారిలో 6.4 శాతం, టీవీటీలో 1.3 శాతం అని అదే కొక్రేన్ సమీక్ష చెప్పింది. చాలామందికి వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. తగ్గని కొద్దిమందికి బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, కారు దిగుతూ కాలు బయట పెట్టడం, మెట్లెక్కడం అన్నీ నొప్పే. దాన్ని తీయాలంటే యోనిలోని ముక్క తీస్తే సరిపోదు. రెండు గజ్జల్లోనూ కోసి, కండరాల మధ్య నుంచి కొసలు వెతికి తీయాలి. అంత చేసినా నొప్పి పూర్తిగా పోతుందని హామీ లేదు. గొంతుకూర్చుని పనిచేసేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, నాట్యం నేర్పేవాళ్లు ఈ సంగతి ఆపరేషన్‌కి ముందే డాక్టర్‌కి చెప్పాలి.

అరుదైనవాటిలో నేను అందరికీ చెప్పాలనుకునేది తొడలో చీముగడ్డ. ఆపరేషన్ అయిన నెలలకో, కొన్నిసార్లు ఏళ్లకో తొడ లోపలి వైపు నొప్పి, వాపు, జ్వరం, కుంటుతూ నడవడం. మనిషి ఎముకల డాక్టర్ దగ్గరికో, జనరల్ సర్జన్ దగ్గరికో వెళ్తుంది. గడ్డ కోసి చీము తీస్తారు, మానినట్టే మాని మళ్లీ వస్తుంది. ఎప్పుడో జరిగిన మూత్రం ఆపరేషన్‌కీ తొడకీ సంబంధం ఉంటుందని ఎవరు అనుకుంటారు? ఎవరూ అడగరు, ఆవిడా చెప్పదు. ఇక్కడ ఆచూకీ ఇచ్చేది యోనిలోంచి వచ్చే దుర్వాసన స్రావం. తొడ వాపు, యోని స్రావం రెండూ కలిసి ఉన్నాయంటే యోనిలో పట్టీ బయటపడి, ఆ దారినే ఇన్ఫెక్షన్ తొడ దాకా పాకిందని అర్థం. ఎంఆర్ఐ తీస్తే దారి కనిపిస్తుంది. పట్టీ తీస్తేనే గడ్డ ఆగుతుంది. షుగర్ అదుపులో లేనివాళ్లలో ఇది చర్మం కింది పొరలను వేగంగా కుళ్లబెట్టే ఇన్ఫెక్షన్‌గా మారి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇందులో పట్టీ రకానిదీ పెద్ద పాత్ర. ఒబ్‌టేప్ అనే పట్టీకి కన్నాలు మరీ సన్నగా ఉండేవి. బ్యాక్టీరియా దూరగలదు, దాన్ని చంపే తెల్ల కణాలు దూరలేవు. చీముగడ్డలు ఎక్కువగా రావడంతో 2006లో దాని అమ్మకం ఆగిపోయింది. ఇప్పుడు వాడేది ఒంటి పోగుతో, పెద్ద కన్నాలతో అల్లిన పాలీప్రొపిలీన్. దీనితో గడ్డలు బాగా తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.

టీఓటీలో యోని పక్క మడతల్లో సూది గుచ్చుకుని బయటికి వచ్చేయడం కూడా జరుగుతుంది. ఆపరేషన్ చివర రెండు పక్కలా చూసి సరిచేస్తే ఏమీ కాదు. చూడకపోతే పట్టీ అక్కడే బయటపడి ఉంటుంది.

## ఏ పట్టీతోనైనా రాగల ఇబ్బందులు

యోనిలో పట్టీ బయటపడటం నూటికి ఇద్దరికి అటూ ఇటూగా ఉంటుంది. మరక, స్రావం, కలయికలో నొప్పి. కొన్నిసార్లు ఆవిడకి ఏమీ తెలియదు, భర్తకి గీసుకుపోతుంది. ఇద్దరూ సిగ్గుపడి ఊరుకుంటారు. దయచేసి ఊరుకోకండి. చిన్నదిగా ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ క్రీమ్‌తోనో, బయటపడిన ముక్క కత్తిరించి కుట్టడంతోనో సరిపోతుంది.

మూత్రనాళంలోకి పట్టీ కోసుకుపోవడం దీనికన్నా చాలా అరుదు, బాగుచేయడం చాలా కష్టం. ధార సన్నబడుతుంది, మంట, రక్తం, తగ్గని ఇన్ఫెక్షన్లు. ముక్క తీసి నాళం కుట్టాలి. తర్వాత లీక్ తిరిగి రావచ్చు, అప్పుడు మళ్లీ మెష్ వేయకూడదు. ఆపరేషన్ సమయంలో నాళానికి గాయమైందని తెలిస్తే ఆ రోజు పట్టీ వేయకుండా ఆపేయడమే సరైన పని. అలా ఆపేసిన డాక్టర్‌ను చేతకానివాడనుకోకండి, ఆయన మీకు మేలు చేశారు.

## మినీ స్లింగ్

పొట్ట మీదా గజ్జల్లోనూ గాట్లు లేకుండా, పొట్టి పట్టీని లోపలే కొక్కేలతో బిగించే పద్ధతి. మొదట్లో వచ్చిన టీవీటీ సెక్యూర్ ఫలితాలు బాగాలేక 2012లో మార్కెట్ నుంచి పోయింది. కొత్త రకాల మీద బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం 2022లో వచ్చింది. మూడేళ్లకు మెరుగయ్యామన్నవాళ్లు మినీలో 72 శాతం, మామూలు పట్టీలో 66.8 శాతం. ఇది చూసి తేల్చేసుకోకండి. కలయికలో నొప్పి మినీలో 11.7, మామూలు పట్టీలో 4.8 శాతం. పట్టీ బయటపడటం 3.3, 1.9 శాతం. "గాట్లు లేవు" అంటే "ఇబ్బంది తక్కువ" అని కాదు. గజ్జల నొప్పి కూడా రెండింటిలో దాదాపు సమానమే.

## సొంత కండపొరతో స్లింగ్

పొట్ట కండరాల మీద ఉండే గట్టి పొర నుంచి సన్నటి ముక్క తీసి, దాన్నే పట్టీగా వేస్తారు. పాత పద్ధతి. మెష్ గొడవల తర్వాత మళ్లీ ఆదరణ పెరిగింది. మన ఒంటిదే కాబట్టి కోసుకుపోవడం, తొడలో గడ్డ లాంటివి దాదాపు ఉండవు.

బదులుగా కష్టమంతా ముందే వస్తుంది. సిజేరియన్‌లాంటి కోత, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు, కుట్లలో చీము, తర్వాత హెర్నియా వచ్చే అవకాశం. 2007 నాటి అమెరికా అధ్యయనంలో 655 మందికి ఈ స్లింగ్‌నీ, పొట్ట నుంచి కుట్లు వేసి బ్లాడర్ మెడను పైకి కట్టే బర్చ్ ఆపరేషన్‌నీ పోల్చారు. రెండేళ్లకు ఒత్తిడి లీక్ ఆగినవాళ్లు స్లింగ్‌లో 66 శాతం, బర్చ్‌లో 49 శాతం. మూత్రం పోయడంలో ఇబ్బంది మాత్రం 14 శాతం, 2 శాతం. యూరిన్ ఇన్ఫెక్షన్లు 48, 32 శాతం. కొన్ని వారాలు సొంతంగా గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకోవాల్సిరావచ్చు. అది చేయగలనా అని ముందే ఆలోచించుకోవాలి. బర్చ్‌కి తనవైన ఇబ్బందులున్నాయి: తర్వాతి ఏళ్లలో యోని వెనక గోడ జారడం, కరగని దారం బ్లాడర్‌లోకి చేరి రాయి కట్టడం.

## నాళం చుట్టూ ఇంజెక్షన్

జెల్లీలాంటి పదార్థాన్ని నాళం గోడలో మూడు నాలుగు చోట్ల ఎక్కిస్తారు. కోత లేదు, స్థానికంగా మత్తిస్తే చాలు. కొన్ని రోజులు మూత్రం ఆగడం, ఇన్ఫెక్షన్ మామూలుగా వచ్చేవి. నాళం గోడలో చీము పట్టడం అరుదు. పట్టీతో పోలిస్తే పని తక్కువ చేస్తుంది, మళ్లీ వేయించుకోవాల్సిరావచ్చు. ఫిన్లాండ్‌లో రెండింటినీ పోల్చినప్పుడు ఏడాదికి తృప్తిగా ఉన్నామన్నవాళ్లు టీవీటీలో 95 శాతం, ఇంజెక్షన్‌లో 60 శాతం దగ్గర.

| పద్ధతి | మొదటి రోజుల్లో భయపడాల్సింది | ఏళ్ల తర్వాత రాగలిగేది | ఇబ్బంది వస్తే |
|---|---|---|---|
| టీవీటీ | బ్లాడర్ రంధ్రం, రక్తం గడ్డ, మూత్రం ఆగడం, అరుదుగా పేగు గాయం | బ్లాడర్‌లో పట్టీ, రాయి. యోనిలో బయటపడటం | కత్తిరించడం తేలిక, మొత్తం తీయడం కష్టం |
| టీఓటీ | గజ్జల నొప్పి, యోని మడతలో గుచ్చుకోవడం | తగ్గని తొడ నొప్పి, తొడలో చీముగడ్డ | కొసలు తీయడం చాలా కష్టం |
| మినీ | రక్తస్రావం, పట్టు జారడం | కలయికలో నొప్పి, పట్టీ బయటపడటం | పట్టీ పొట్టిదైనా కొక్కేలు లోతుగా ఉంటాయి |
| సొంత పొర | కోత ఇన్ఫెక్షన్, మూత్రం ఆగడం | హెర్నియా, అర్జంటుగా రావడం | వదులు చేయవచ్చు, మెష్ సమస్యలు లేవు |
| బర్చ్ | కోత, రక్తస్రావం | వెనక గోడ జారడం, దారం మీద రాయి | కుట్టు తీయవచ్చు |
| ఇంజెక్షన్ | ఇన్ఫెక్షన్, తాత్కాలికంగా ఆగడం | లీక్ తిరిగి రావడం | మళ్లీ వేయవచ్చు, పట్టీకి మారవచ్చు |

## ఎవరికి ఏది

పొట్ట మీద రెండు మూడు ఆపరేషన్లైనవాళ్లకి, పేగులు అతుక్కున్నాయని ఇంతకుముందే ఎవరైనా చెప్పినవాళ్లకి టీఓటీ వైపు మొగ్గడం సబబు. నాళం మూసుకునే శక్తే బాగా తగ్గిపోయి, నిలబడినా లీకయ్యేవాళ్లకి టీవీటీగానీ సొంత పొరగానీ నమ్మదగ్గవి. తొడ పని ఎక్కువగా ఉన్నవాళ్లకి, ముందే నడుము, తుంటి, గజ్జల నొప్పులున్నవాళ్లకి టీఓటీ వద్దనే అంటాను.

షుగర్ ఉంటే ఏ రకమన్నది రెండో ప్రశ్న. ముందు షుగర్ అదుపులోకి రావాలి. మూడు నెలలు ఆగితే లీక్ ముదిరిపోదు. అదుపు తప్పిన షుగర్‌తో మెష్ వేస్తే మాత్రం పుండు మానక పట్టీ బయటపడే అవకాశం పెరుగుతుంది.

ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు వ్యాయామంతోనే నెట్టుకొచ్చి, కాన్పులయ్యాక ఆపరేషన్ చూసుకోవడం మంచిది. వయసు పైబడి, గుండెజబ్బుతో, రక్తం పలచబడే మందుల మీద ఉన్న పెద్దావిడకి లీక్ పూర్తిగా ఆగకపోయినా, సగానికి సగం తగ్గితే చాలనుకుంటే ఇంజెక్షన్ సరిపోతుంది. భార్యాభర్తల కలయికలో ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్లు మినీ స్లింగ్ గురించి రెండుసార్లు ఆలోచించాలి.

ఒకసారి పట్టీ కోసుకుపోయి తీయించుకున్నవాళ్లకి, నాళానికి ఫిస్టులా (ఉండకూడని చోట పడిన దారి) ఆపరేషన్ అయినవాళ్లకి, కటి భాగానికి రేడియేషన్ తీసుకున్నవాళ్లకి సొంత పొరే సరైనది. ఒంట్లో బయటి వస్తువు ఉందన్న ఆలోచనతోనే నిద్ర పట్టనివాళ్లకి కూడా అదే చెబుతాను. ఆ భయాన్ని చాదస్తమని కొట్టిపారేసే డాక్టర్ దగ్గర ఒప్పుకోకండి.

## సంతకం పెట్టే ముందు, ఇంటికొచ్చాక

"ఆపరేషన్ చివర కెమెరా పెట్టి బ్లాడర్ చూస్తారా?" అని అడగండి. టీఓటీలో అక్కర్లేదని కొందరంటారు. ఐదు నిమిషాల పని, ఏళ్ల బాధ తప్పిస్తుంది కాబట్టి ఏ పట్టీకైనా చూడమనే నేనంటాను. "ఇబ్బంది వస్తే పట్టీ మీరే తీస్తారా, ఎవరి దగ్గరికి పంపుతారు?" అని కూడా అడగండి. దీనికి సూటిగా జవాబు చెప్పే డాక్టర్‌ను నమ్మవచ్చు.

పట్టీ కంపెనీ కిట్‌లోదా, హెర్నియా మెష్ నుంచి కత్తిరించినదా తెలుసుకోండి. ఖర్చు తగ్గించడానికి అలా కత్తిరించి వాడే అలవాటు మన దేశంలో ఉంది. అది తప్పని కాదు, మీకు తెలిసి ఉండాలి. కిట్ అయితే పెట్టె మీద పేరు, లాట్ నంబరుతో ఒక స్టిక్కర్ ఉంటుంది. దాన్ని కేస్ షీట్‌లో అంటించి వదిలేస్తారు. ఇంకో స్టిక్కర్ మీ డిశ్చార్జ్ సమ్మరీ మీద అంటించమనండి. కత్తిరించిన మెష్ అయితే ఏ రకం, ఏ దారి అన్నది రాయించుకోండి. ఆ కాగితాన్ని ఫోటో తీసి కూతురి ఫోన్‌లోనో కొడుకు ఫోన్‌లోనో కూడా ఉంచండి.

మొదటి వారంలో పొట్ట నొప్పి పెరుగుతుంటే, వాంతులు, జ్వరం, కళ్లు తిరగడం ఉంటే, ఆరు గంటలైనా మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. తొడ చర్మం ఎర్రబడి గంటగంటకీ వాపు పాకుతుంటే, అది ఆపరేషన్ అయిన వారానికైనా ఆరేళ్లకైనా, ఎమర్జెన్సీకే. మరక, స్రావం, కలయికలో గీసుకోవడం, ధార సన్నబడటం, ఏడాదిలో మూడు నాలుగుసార్లు ఇన్ఫెక్షన్ లాంటివైతే ఆ వారంలోనే యూరాలజిస్ట్‌నో యూరోగైనకాలజిస్ట్‌నో కలవండి. ఎవరి దగ్గరికి వెళ్లినా, అది ఎముకల డాక్టర్ అయినా సరే, "నాకు ఫలానా సంవత్సరంలో మూత్రానికి పట్టీ వేశారు" అన్నది మొదటి మాటగా చెప్పండి.